మా ఇంటి బాస్ వయసు 2 ఏళ్ళ 8 నెలలు

ప్రశ్న: మా పాపకు 2 ఏళ్ళ 8 నెలలు. మొన్నమొన్నటి దాకా ఒక్కో మాట కూడబలుక్కుని మాట్లాడేది, ఇప్పుడు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆర్డర్లే. "అమ్మా, అక్కడ కూర్చో, కదలకు" అంటుంది. నేను పాట అందుకుంటే "నువ్వు పాడకు, నేను పాడతా" అంటుంది. వాళ్ళ నాన్నను "ఫోన్ పక్కన పెట్టు, ఎన్నిసార్లు చెప్పాలి?" అని నిలదీస్తుంది. ఎడమ చెప్పే ముందు వేసుకోవాలి, తనొక్కతే కాదు, ఇంట్లో అందరం. నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే "వెళ్ళు, ఏడవకు, సాయంత్రం వచ్చేస్తావు" అని నా చెయ్యి తట్టి పంపిస్తుంది. మాట వినకపోతే వేలు చూపించి "మూడు లెక్కపెడతా! ఒకటి, రెండు, ఐదు!" మొదట్లో పడీపడీ నవ్వాం, మావారు వీడియోలు కూడా తీశారు. కానీ మొన్న ఇంటికొచ్చిన ఒక పెద్దాయనతో "ఇంక మీ ఇంటికి వెళ్ళు" అంది. మా అత్తగారిని "నానమ్మా, మాట్లాడకు, కూర్చో" అంది. ఆవిడ "నెత్తికెక్కించుకున్నారు, రేపు మీరే అనుభవిస్తారు" అన్నారు. అప్పట్నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది. గారాబం చేసి పాడుచేస్తున్నామా? గట్టిగా చెప్పాలా, వదిలేయాలా? ఆ "ఏడవకు" అన్నప్పుడు ఏం అనాలో కూడా తెలియట్లేదు. (ఆర్డర్లు తీసుకునే ఒక అమ్మ)

సమాధానం: "ఒకటి, రెండు, ఐదు" దగ్గర ఆగిపోయి కాసేపు నవ్వుకున్నాను, ఏమీ అనుకోకండి. బెదిరించడం పూర్తిగా వచ్చేసింది, లెక్క ఒక్కటే ఇంకా రాలేదు. సరే, మీ టెన్షన్ సంగతికి వస్తాను. మీరు పాపను పాడుచేయడం లేదు. మాటలొచ్చిన కొత్తలో చాలామంది పిల్లల్లో కనిపించే దర్జా ఇది. అలాగని "అదే పోతుందిలే" అని వదిలేయమనీ అనను, ఎందుకంటే ఏ ఆర్డరు ఎన్నాళ్ళు నడుస్తుందన్నది చాలావరకు దానికి మీరు ఎలా జవాబిస్తారన్న దాన్ని బట్టే ఉంటుంది.

ముందు ఒక పని చేయండి. రేపు ఒక్క పూట మీరు పాపతో అనే మాటలన్నీ కాగితం మీద రాసుకోండి. మా అబ్బాయికి ఇదే వయసున్నప్పుడు నేను చేశాను. గంటన్నరకే కాగితం నిండిపోయింది, చూస్తే "రా, ఆగు, దిగు, కూర్చో, ముట్టుకోకు, నోట్లో పెట్టుకోకు, అటు వెళ్ళకు, చెప్పులు వేసుకో, త్వరగా, ఎన్నిసార్లు చెప్పాలి" తప్ప అందులో చెప్పుకోదగ్గ మాట ఒక్కటీ లేదు. ఆఫీసులో ఎవరైనా మనతో రోజంతా ఇలా మాట్లాడితే వారం తిరక్కుండా రాజీనామా ఇచ్చేస్తాం. పిల్లలకు ఆ వీలు లేదు పాపం, మాట్లాడటం అంటే ఇదే కాబోలు అనుకుని నేర్చేసుకుంటారు. మీవారిని అడిగిన ఆ "ఎన్నిసార్లు చెప్పాలి?" ఎక్కడ నుంచి వచ్చిందో నేను చెప్పక్కర్లేదనుకుంటా.

మన భాష కూడా వాళ్ళ పక్షమే. తెలుగులో బాగా పొట్టి మాటలు ఏవంటే ఆజ్ఞలే. రా, పో, తే, ఆగు. క్రియకు ఏ తోకా తగిలించక్కర్లేదు. అదే "కాస్త ఇటు వస్తావా" అనాలంటే ఎప్పుడు, ఎవరు, అడుగుతున్నామా చెబుతున్నామా అన్నదంతా ఒక్క మాటలో ఇమడాలి. చిన్న నోటికి "రా" అంటే పనైపోతుంది, అమ్మ వచ్చేస్తుంది కూడా. ఇంక పెద్ద వాక్యంతో అవసరమేముంది? సాధారణంగా 2 ఏళ్ళకు రెండు మాటలు కలపడం, రెండున్నరకు ఓ 50 మాటలు రావడం చూస్తారు పిల్లల డాక్టర్లు, మీ పాప అవన్నీ ఎప్పుడో దాటేసి మీమీద పెత్తనం చేసే దాకా వచ్చింది.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట ఏదంటే, ఆ "వచ్చేస్తావు". పొద్దున పాప ఏడిస్తే మీరు "ఏడవకు, సాయంత్రం వచ్చేస్తా" అనే ఉంటారు. చిలకలాగా ఒప్పజెప్పేదైతే "వచ్చేస్తా" అనే అనాలి కదా. కానీ ఇప్పుడు మాట్లాడేది తను, వెళ్ళేది మీరు, కాబట్టి చివర మార్చి "వచ్చేస్తావు" చేసింది. ఇది మామూలు విషయం కాదు. ఇంకా చిన్నగా ఉన్నప్పుడు చాలామంది పిల్లలు చేతులు చాపి "ఎత్తుకుంటా, ఎత్తుకుంటా" అంటారు, ఎత్తుకోమని అర్థం, ఎందుకంటే మనం వాళ్ళతో "రా, ఎత్తుకుంటా" అంటాం. బొమ్మ ఎప్పుడూ బొమ్మే, కానీ "నేను" అన్నది నోరు మారినప్పుడల్లా మనిషి మారిపోయే మాట, అది అందుకోవడం వాళ్ళకు ఎంత తిరకాసో ఆలోచించండి. మీ పాప అందుకుంది, దాన్ని మిమ్మల్ని ఓదార్చడానికి వాడుతోంది. ఆ ఓదార్పు సంగతికి మళ్ళీ వస్తాను.

మాటలు మీవే అయినా, వాటిని తిప్పి మీమీదే వాడాలని ఎందుకనిపిస్తుంది అన్నది ఇంకో ప్రశ్న. ఆమె రోజంతా ఒకసారి ఆమె వైపు నుంచి చూడండి. ఎప్పుడు లేవాలి, ఏ గౌను వేసుకోవాలి, ఆట ఎప్పుడు ఆపాలి, లైటు ఎవరు ఆర్పాలి, ఆఖరికి ముక్కు ఎప్పుడు తుడవాలి అన్నది కూడా వేరేవాళ్ళ ఇష్టమే. ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త 1950లోనే రాశాడు, సుమారు ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ దాకా పిల్లలకు ముఖ్యమైన పని తమంతట తాము చేయగలమని తేల్చుకోవడమేనని, అది కుదరనివ్వకపోతే సిగ్గు, తన మీద తనకే అనుమానం పట్టుకుంటాయని. మన పిల్లలు దీన్నంతా ఒక్క ఏత్వంతో చెప్పేస్తారు, "నేనే!" అని. జిప్పు సగంలో ఇరుక్కున్నా సరే, నేనే.

1997లో బెట్టీ రెపాకోలీ, ఆలిసన్ గోప్నిక్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక సరదా ప్రయోగం చేశారు. పిల్లల ముందు ఒక గిన్నెలో పచ్చి బ్రోకలీ, ఇంకో గిన్నెలో బిస్కెట్లు పెట్టి, పెద్దావిడ ఒకరు బ్రోకలీ తిని "ఆహా" అన్నట్టు, బిస్కెట్ తిని "ఛీ" అన్నట్టు మొహం పెట్టి, తర్వాత "నాకు కొంచెం పెట్టు" అని చెయ్యి చాపారు. 14 నెలల పిల్లలు ఎక్కువగా తమకిష్టమైన బిస్కెట్టే ఇచ్చారు. 18 నెలల వాళ్ళు బ్రోకలీ ఇచ్చారు. అంటే ఏడాదిన్నరకే, అమ్మ ఇష్టం వేరు, నా ఇష్టం వేరు అన్నది అందుతోందన్నమాట. అది తెలిశాక ఏ మనిషికైనా వచ్చే తర్వాతి ప్రశ్న ఒకటే కదా, రెండూ వేరైతే ఎవరిది నెగ్గుతుంది? "అమ్మా, అక్కడ కూర్చో" అని మీకేసి చూస్తూ నిలబడిందే, అప్పుడు ఆమె సరిగ్గా ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతోంది.

ఎడమ చెప్పు గోల దీనికి కాస్త వేరు. రెండు నుంచి నాలుగేళ్ళ మధ్య పిల్లలకు ఇలాంటి పట్టింపులు ఎక్కువ, అదే గిన్నె, అదే దుప్పటి, అదే వరస. రేపు ఏం జరుగుతుందో తెలియని లోకంలో చెప్పులైనా నిన్నటి లాగే ఉండాలని వాళ్ళ కోరిక, ఇందులో మీకు పోయేదేం లేదు, వేసుకోండి.

నిజానికి నా సలహాలో సగం అదే. మీకు పైసా నష్టం లేని ఆర్డరును నవ్వకుండా, బేరమాడకుండా పాటించండి. అక్కడ కూర్చోమందా, కూర్చోండి. పాడొద్దందా, ఆపేయండి (నా పాట విని మా అబ్బాయి చెవులు మూసుకున్నాడు, అది ఆర్డరు కూడా కాదు, విమర్శ). రోజుకు ఐదారు చోట్ల తన మాట నెగ్గిన పిల్ల ఏడో చోట ఓడిపోవడానికి కొంచెం సులువుగా ఒప్పుకుంటుంది. పది నిమిషాలు ఆట కేటాయించి "ఇప్పుడు నువ్వు అమ్మవి, నేను పాపను" అని చూడండి. ఆ పది నిమిషాల్లో మీ గొంతు, మీ విసుగు, మీ నడుం మీద చెయ్యి పెట్టుకునే తీరు అన్నీ మీకే కనిపిస్తాయి, కొంచెం గుండె దిటవు చేసుకుని కూర్చోవాలి.

మిగతా సగం కష్టమైనది. రోడ్డు, నిప్పు, కొట్టడం, నిద్ర, వేరేవాళ్ళ వస్తువులు, ఇలాంటి వాటిలో ఆర్డరు మీదే. ఇక్కడ చాలామంది అమ్మలూ నాన్నలూ చేసే పొరపాటు, నేనూ ఏడాదిపాటు చేసిన పొరపాటు ఏమిటంటే, ఆజ్ఞను ప్రశ్నలా చెప్పడం. "స్నానం చేద్దామా?" అని తియ్యగా అడుగుతాం. "వద్దు" అంటుంది. అడిగారు కాబట్టి చెప్పింది, అందులో ఆమె తప్పేముంది? అప్పుడు మనకు కోపం వస్తుంది. స్నానం ఎలాగూ తప్పదనుకుంటే అడగకండి, "స్నానం టైమయింది" అని చెప్పి, అడగాల్సింది వేరేచోట అడగండి, "నడిచి వస్తావా, ఎగురుకుంటూ వస్తావా?" రెండే రెండు దారులు చూపించండి, రెండూ మీకు సమ్మతమైనవే అయ్యుండాలి. ఐదు చూపిస్తే ఆరోది అడుగుతుంది. కాదనాల్సి వస్తే కూడా ఒక్క వాక్యం చాలు. "కొట్టనివ్వను" అని చెయ్యి పట్టుకుని ఆపడం చాలు, ఆ సమయంలో మంచి చెడుల మీద మీరు చేసే ప్రసంగం ఏడుపు హోరులో ఎవరికీ వినపడదు, మీ బీపీ పెరగడం తప్ప. మూడు లెక్కపెట్టే అలవాటు మీ ఇంట్లో ఉంటే, మూడు అయ్యాక ఏం చేస్తానన్నారో అది చేయండి, లేకపోతే అసలు లెక్కపెట్టకండి. ఆమె ఐదు దాకా వెళ్ళిందంటే నాకు ఒక అనుమానం, మీరు కూడా మూడు దగ్గర ఆగట్లేదేమో.

ఇంక నవ్వు, వీడియోలు. మీవారికి కొంచెం గట్టిగా చెప్పండి, నా మాటగా చెప్పినా పర్వాలేదు. పిల్ల "నవ్వకు" అంటే నిజంగానే నవ్వకు అని అర్థం, తను చాలా సీరియస్‌గా ఒక పని మీద ఉంది. అదొకటి. రెండోది, నలుగురూ నవ్విన మాటను ఏ రెండేళ్ళ పిల్లా ఒక్కసారితో వదలదు. నానమ్మను కూర్చోమన్నప్పుడు గది అంతా నవ్వి, అదే మాట పెద్దాయనతో అన్నప్పుడు అందరి మొహాలూ మాడిపోతే, ఆమెకు ఏమర్థమవ్వాలి? నవ్వు ఆపుకోలేకపోతే పక్క గదిలోకి వెళ్ళి నవ్వుకోండి, మేం అదే చేసేవాళ్ళం, ఒక్కోసారి ఇద్దరం ఒకేసారి వెళ్ళాల్సి వచ్చేది. వీడియో బదులు ఒక చిన్న నోటుబుక్కులో తేదీ వేసి ఆ మాట రాసిపెట్టండి. ఫోన్ ఎత్తగానే పిల్ల మాట్లాడటం మానేసి నటించడం మొదలుపెడుతుంది, రాసుకుంటే ఆ ఇబ్బంది లేదు. పైగా తండ్రిగారికి ఆవిడ వేసిన ఆర్డరే ఫోన్ పక్కన పెట్టమని, అది న్యాయమైన ఆర్డరు, వెంటనే పాటించదగ్గది.

ఆ పెద్దాయన సంగతికి వద్దాం. మీకు తల కొట్టేసినట్టయి ఉంటుంది, తెలుసు. కానీ ఆ మాట వెనక అవమానించాలన్న ఆలోచన ఉండే వయసు కాదు. ఎదుటివాళ్ళ బుర్రలో తనకు తెలిసిన దానికి వేరైన సంగతి ఒకటి ఉండొచ్చన్నది పిల్లలకు దాదాపు నాలుగేళ్ళకు గానీ సరిగ్గా అందదు. 1983లో ఆస్ట్రియాకు చెందిన హైంజ్ విమర్, జోసెఫ్ పెర్నర్ దీన్ని ఒక చిన్న కథతో పరీక్షించారు. పిల్లాడు చాక్లెట్ ఒక అలమరాలో పెట్టి బయటికి వెళ్ళాడు, వాడు లేనప్పుడు అమ్మ దాన్ని ఇంకో చోటికి మార్చింది, తిరిగొచ్చాక వాడు ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ళ పిల్లలు మార్చిన చోటే చూపిస్తారు, తమకు తెలుసు కాబట్టి వాడికీ తెలుసని. అలాంటిది, "ఇంటికి వెళ్ళు" అంటే ఆయన ఏమనుకుంటారో, అమ్మ పరువు ఏమవుతుందో మీ పాప ఊహించాలంటే ఎలా? ఆమె చెప్పింది బహుశా "అమ్మ నా వైపు చూసి చాలాసేపయింది" అని. ఇంకోసారి అంటే తిట్టకండి, నవ్వకండి, ఆయన ముందే మామూలు గొంతుతో "నీకు నాతో ఆడుకోవాలనుంది కదా, 'అమ్మా, నా దగ్గరికి రా' అను" అని చెప్పి, అన్నాక ఒక నిమిషం దగ్గరికి తీసుకోండి. పెద్దాయనకు "ఏమనుకోకండి" అని ఒక్క ముక్క చాలు. పిల్ల చేత బలవంతంగా సారీ చెప్పించే తతంగం పెట్టుకుంటే అది అరగంట సినిమా అవుతుంది.

మీ అత్తగారి విషయంలో నేను పూర్తిగా మీ పక్షం కాదు. ఆవిడ బాధలో నిజం ఉంది. తన వయసుకు ఒక మన్నన ఉండాలని ఆవిడ అనుకుంటే తప్పేం లేదు. మన భాషలో మన్నన అంతా మాట చివర్లోనే ఉంటుంది, "కూర్చో"కు "కూర్చోండి"కి మధ్య ఉన్న ఆ చిన్న తోకలో. పిల్లలు దాన్ని ఎవరు ఎవరితో ఎలా అంటున్నారో విని పట్టుకుంటారు. నేను మా అబ్బాయిని రోజుకు వందసార్లు "రారా, కూర్చోరా" అని ముద్దు చేసేదాన్ని, వాడు పోయి మా మామగారిని "తాతా, కూర్చోరా" అన్నాడు. వాడి దృష్టిలో అది ముద్దే. కాబట్టి "నానమ్మతో అలా అంటావా!" అని గదమాయించే బదులు సరైన మాట అక్కడికక్కడే అందించండి, "నానమ్మా, కూర్చోండి, నేను పాట పాడతా" అని. అన్నదా సరే, అనలేదా మీరే అనేసి వదిలేయండి, రేపు మళ్ళీ అవకాశం వస్తుంది, పాప ఆర్డర్లు మానదు కదా. అత్తగారికి మాత్రం ఆవిడ దగ్గర కూర్చుని చెప్పండి, నెత్తికెక్కించుకోవట్లేదు, నేర్పిస్తున్నాం, మీరు కూడా ఇదే మాట అందించండి అని. ముగ్గురు పెద్దలు మూడు రకాలుగా స్పందించే ఇంట్లో పిల్ల ముగ్గురినీ విడివిడిగా పరీక్షించి చూసుకుంటుంది, అది తెలివైన పిల్ల చేసే పనే.

మరొకటి, సాయంత్రాలు ఆర్డర్లు మరీ ఎక్కువవుతున్నాయేమో గమనించండి. పగటి నిద్రతో కలిపి 1-2 ఏళ్ళ పిల్లలకు రోజుకు 11 నుంచి 14 గంటలు, 3-4 ఏళ్ళ వాళ్ళకు 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మీ పాపకు ఇంకా మూడేళ్ళు నిండలేదు కాబట్టి ఆమెకు మొదటి లెక్కే. నిద్ర తగ్గిన రోజున బాస్‌లు నియంతలవుతారు, అది పెద్దవాళ్ళకూ వర్తిస్తుందనుకోండి.

డాక్టరును ఎప్పుడు అడగాలి అంటారేమో. వచ్చిన మాటలు పోతుంటే, పేరు పెట్టి పిలిచినా పలక్కుండా, కళ్ళల్లోకి చూడకుండా విన్న మాటలే తిరిగి అంటూ ఉంటే, కోపంలో తనకు తానే దెబ్బలు తగిలించుకుంటుంటే ఆలస్యం చేయకూడదు. మీరు రాసిన దాంట్లో అవేవీ లేవు.

చివరగా ఆ "ఏడవకు". బయటికి వెళ్ళేవాళ్ళకు బెంగ ఉంటుందని, వాళ్ళకు ధైర్యం చెప్పి పంపాలని ఆమె అనుకుంటోంది, తనకు మీరు చెప్పినట్టే. "నేనెందుకు ఏడుస్తా, పిచ్చిదానా" అని నవ్వేయకండి. "సరే, ఏడవను. సాయంత్రం వచ్చేస్తాను" అని అంతే సీరియస్‌గా చెప్పి, చెప్పులు వేసుకోండి. ఎడమది ముందు.